ఒక జీవిని అరగంట గమనించుట

ఆగస్టు ఎనిమిదో తారీకు, శుక్రవారం. ఆ పొద్దున మరుపురాణి ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు తింది. మిగతా సగం తినడం మర్చిపోయి బడికి బయల్దేరింది. మూడో తరగతి పిల్లలకు ఎక్కాలే గుర్తుండవు, తారీకులు ఎక్కడ గుర్తుంటాయి? అయినా ఆ ఒక్క తారీకు మాత్రం ఆ తరగతిలో ముప్ఫై ఒక్క మందికీ నోటికొచ్చు. కారణం, ఆ సాయంత్రం మోగిన గంట.

మరుపురాణి అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, తరగతి పెట్టింది. ఆ పిల్లకి బద్ధకం లేదు, మొండితనం అంతకన్నా లేదు. హోంవర్కు చెయ్యాలన్న సంగతి బడి గేటు దాకా భద్రంగా మోసుకొచ్చేది. గేటు దాటగానే అది ఎక్కడో జారిపోయేది. మర్నాడు టీచర్ అడిగితే, "అవును కదా!" అని టీచర్ కంటే ఎక్కువ ఆశ్చర్యపోయేది. అలా ఆశ్చర్యపోయే మొహాన్ని తిట్టడానికి ఎవరికి నోరొస్తుంది?

ఆ తరగతికి ఒక పద్ధతి ఉంది. వరండాలో ఇనుప పట్టా ముక్క ఒకటి వేలాడుతుంటుంది, అదే బడి గంట. రోజూ దాన్ని అటెండరు ఇనుప కడ్డీతో కొడతాడు. పిల్లలందరికీ ఆయన గంట బాబాయ్. కానీ శుక్రవారం ఆఖరి గంట మాత్రం ఈ తరగతిది. వారంలో ఐదు రోజులూ హోంవర్కు తెచ్చినవాళ్లలో ఒకరు ఆ గంట కొట్టొచ్చు. ఒకసారి కొట్టినవాళ్లు, తరగతిలో అందరి వంతూ అయ్యేదాకా మళ్లీ కడ్డీ ముట్టకూడదు. రెండో తరగతి నుంచి వీళ్లతోపాటే పైకొచ్చిన క్లాసు టీచర్ ఈ రూలు పెట్టి, చార్టు మీద రంగుల్లో రాసి, గోడకి అంటించింది. ముప్ఫై మంది కొట్టేశారు. మిగిలింది ఒక్క మరుపురాణి.

ఇక చూడండి ఇరకాటం. ఆ పిల్ల కొట్టందే రెండో విడత మొదలవ్వదు. ఆ పిల్ల వరసగా ఐదు రోజులు హోంవర్కు తెచ్చింది లేదు. ఆరు శుక్రవారాలుగా ఆఖరి గంట గంట బాబాయే కొడుతున్నాడు, ముప్ఫై మంది చేతులు కట్టుకుని నిలబడి గుటకలు మింగుతున్నారు. టీచర్ తను పెట్టిన రూల్లో తనే చిక్కుకుంది. మార్చేద్దామంటే, రూలు రూలేనని కిందటేడు నుంచీ చెప్పిన నోరు అదే కదా!

దాంతో ఈ వారం తరగతి మొత్తం నడుం కట్టింది. ఆదివారం ఆటల్లో పక్క బెంచీ నేస్తం నములుడు (దొరికిన పెన్సిలల్లా నమిలేస్తాడు) ఆమె అరచేతిలో పెన్నుతో "హోంవర్కు" అని రాశాడు. ఇంటికెళ్లి చేతులు కడుక్కుంది. కానీ తువ్వాలుకి సిరా అంటి, "ఇదేంటే?" అని అమ్మ గద్దించేసరికి గుర్తొచ్చింది. మంగళవారం పదిమంది కిటికీ కింద నిలబడి అరిచారు. బుధవారం, గుచ్చుకుంటే గుర్తొస్తుందని ఆమె బూటులో గులకరాయి వేశారు. రాయి గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుంటోందో మాత్రం తట్టలేదు. కుంటుకుంటూ నములుడు ఇంటికే వెళ్లి, "ఒరే, ఈ రాయి దేనికిరా?" అని అడిగింది.

అలా నాలుగు రోజులు గడిచాయి. పుట్టి బుద్ధెరిగాక నాలుగు రోజులు వరసగా హోంవర్కు తేవడం ఆమెకు ఇదే మొదలు. ఆ కడ్డీ పట్టుకుంటే ఎంత బరువుంటుందో, దెబ్బ కొట్టాక చేతిలో జివ్వుమంటుందో లేదో అని గురువారం రాత్రి పక్క మీద చాలాసేపు ఆలోచించింది. ఆలోచించింది అన్న సంగతి పొద్దున్నకి కూడా గుర్తుంది. అదే విశేషం.

శుక్రవారం గేటు దగ్గర తరగతి తరగతంతా కాపు కాసింది.

"తెచ్చావా?"

"ఏంటి?"

నములుడు నెత్తి పట్టుకున్నాడు. "అయిపోయాం రా!"

"హోంవర్కేనా? తెచ్చా." సంచి విప్పి పుస్తకం చూపించింది. అందరికీ పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఒక్క లీడరు మాత్రం కదల్లేదు. రెండు జడలు, ఒక ఎర్ర పెన్ను, రవ్వంత కూడా నవ్వని మొహం. హోంవర్కులు లెక్క చూసి దొంతర పెట్టడం ఆమె పని. "గేటు దగ్గర చూడను. టీచర్ ముందే చూస్తా," అని లోపలికి నడిచింది.

"వాళ్లమ్మ కూడా ఇంతేనట్రా, కూరగాయలు లెక్కపెట్టి కొంటుందట," అన్నాడు నములుడు.

మొదటి పీరియడు సైన్సు. నిన్నటి హోంవర్కు ఇది: ఒక జీవిని అరగంట గమనించి, చూసినది చూసినట్టుగా పది వాక్యాలు రాయాలి. టీచర్ ఒక్కొక్కరినీ లేపి చదివించింది.

చేపల తొట్టి ఉన్న పిల్ల చదివింది. "చేప ఇటు వెళ్లింది. చేప అటు వెళ్లింది. చేప ఇటు వెళ్లింది..."

"పదీ అంతేనా అమ్మా?"

"చూసింది చూసినట్టు రాయమన్నారు కదా టీచర్!"

నములుడు లేచాడు. "జీవి పేరు దోమ. దోమ నా చేతి మీద వాలింది. నేను కొట్టాను. దోమ చచ్చిపోయింది."

"మరి అరగంట?"

"చచ్చిపోయిన దోమని చూశా టీచర్. కదుల్తుందేమోనని. మిగతా ఏడు వాక్యాలూ, కదల్లేదు."

టీచర్ గోడ వైపు తిరిగి కాసేపు చార్టు సరిచేసింది. చార్టు సరిగానే ఉంది. భుజాలే కదులుతున్నాయి.

తర్వాత మరుపురాణి లేచింది. నిజానికి ఆమె నిన్న పక్కింటి పిల్లితో మొదలుపెట్టింది. రెండు నిమిషాలకే అది గోడ దూకి వెళ్లిపోయింది. గోడ మీది బల్లి ఫొటో వెనక్కి పోయింది. చీమల్ని చూద్దామంటే ఏ చీమని మొదలుపెట్టిందో మర్చిపోయింది. ఇంట్లో ఇక కదలకుండా కూర్చునే ప్రాణి ఒకటే మిగిలింది. గొంతు సవరించుకుని చదివింది.

"జీవి పేరు తాతయ్య. ఈ జీవి సాయంత్రం ఐదింటికి కుర్చీలో నిద్రపోతుంది. అడిగితే నిద్రపోలేదు, కళ్లు మూసుకున్నానంతే అంటుంది. దీని కళ్లజోడు ముక్కు మీద కాకుండా నెత్తి మీద ఉంటుంది. ఊపిరి లోపలికి వెళ్లేటప్పుడు ఒక చప్పుడు, బయటికి వచ్చేటప్పుడు ఇంకో చప్పుడు చేస్తుంది. చేతిలో పేపరు లాగితే వదలదు, కానీ లేవదు. ఈగ ముక్కు మీద వాలితే కాలు కదుపుతుంది..."

తరగతి ఘొల్లుమంది. లీడరు చెయ్యెత్తింది.

"టీచర్, తాతయ్య జీవి ఎలా అవుతారు? జీవి అంటే కుక్కా పిల్లీ కదా!"

ముప్ఫై ఒక్క జతల కళ్లు టీచర్ మీద. టీచర్ సుద్దముక్క తీసుకుంది.

"తేల్చేద్దాం. జీవుల లక్షణాలు మొన్నే చెప్పుకున్నాం. తినాలి. తింటారా?"

"తింటాడు టీచర్. అమ్మ వద్దన్నవి కూడా."

"కదలాలి."

"పిలిస్తే కదలడు. అమ్మ ఏదైనా పని చెప్తే మాత్రం కదిలి పై గదిలోకి వెళ్లిపోతాడు."

"పెరగాలి."

మరుపురాణి ఆలోచించింది. "కిందటేడు చొక్కాలు ఈ ఏడు పట్టట్లేదు టీచర్."

"తమలాంటి వాటిని కనాలి."

"మా నాన్నని కన్నాడు కదా! అచ్చం తాతయ్యలాగే అని అమ్మ రోజూ అంటుంది. కోపం వస్తే ఇంకా గట్టిగా అంటుంది."

టీచర్ బోర్డు మీద నాలుగు టిక్కులు పెట్టింది. "తాతయ్య జీవే. కూర్చో లీడరమ్మా. నువ్వు చదువు తల్లీ."

చప్పట్లు మోగాయి. మరుపురాణి వేలు పెట్టి వెతుక్కుని మళ్లీ అందుకుంది.

"నిద్రలో 'టీ అయిందా' అని అడిగింది. నాయనమ్మ ఇప్పుడు లేదు కాబట్టి నేనే 'అయింది, పడుకో' అని చెప్పాను. అప్పుడు నవ్వి పడుకుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నములుడు కూడా పెన్సిలు నోట్లోంచి తీశాడు. టీచర్ సుద్దముక్కని అటూ ఇటూ తిప్పి, "బాగా చూశావు," అంది మెల్లగా.

లీడరు అప్పటికే పుస్తకం అందుకుని ఎర్ర పెన్నుతో లెక్కపెడుతోంది. ఒకసారి కాదు, రెండుసార్లు. మూడోసారి లెక్కపెడుతుంటే ఆమె మొహంలోనే కంగారు కనిపించింది. ఆమెకి మాత్రం గంట కొట్టాలని ఉండదా?

"టీచర్... తొమ్మిదే ఉన్నాయి."

గదిలో ముప్ఫై నోళ్లు ఒక్కసారి తెరుచుకున్నాయి.

"జీవి పేరు తాతయ్య, అదొక వాక్యం కాదా?" అన్నాడు నములుడు.

"అది హెడ్డింగు. నువ్వు కూడా హెడ్డింగు వదిలేసి పది రాశావు."

"చప్పుళ్ల వాక్యం పెద్దదిగా ఉందిగా! మధ్యలో చుక్క పెట్టెయ్. పదవుతుంది."

"నేను పెట్టను. నేను పెడితే అది నా హోంవర్కు అవుతుంది."

టీచర్ మరుపురాణిని చూసింది. "ఇంకొకటి రాయకుండా ఎలా ఆపావమ్మా?"

"పదోది మనసులో అనుకున్నా టీచర్. ఈలోగా అమ్మ అన్నానికి పిలిచింది. తిని వచ్చేసరికి..."

మిగతాది చెప్పనవసరం లేకపోయింది.

రూలు ప్రకారం మధ్యాహ్నం భోజనం గంట కొట్టేలోగా పుస్తకం దొంతరలో ఉంటే చాలు. చూసింది మాత్రమే రాయాలి. పీరియడ్ల మధ్య అందరూ ఆ పిల్ల చుట్టూ మూగారు.

"దగ్గాడని రాయి."

"దగ్గలేదు."

"తుమ్మాడని రాయి. ముసలివాళ్లందరూ తుమ్ముతారు."

"తుమ్మలేదురా. తుమ్మితే రాసేదాన్ని కదా!" మరుపురాణి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మర్చిపోవడం ఆమెకి వచ్చు గానీ, లేనిది చెప్పడం రాదు. ఆ కడ్డీ ఇక తన చేతికి రాదనుకుంది. తన మూలంగా ఇంకెవరి చేతికీ రాదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

ఏడుపు వస్తే ఏదైనా తినిపించాలని నములుడికి వాళ్లింట్లో నేర్పారు. "నీ డబ్బాలో ఏముంది?" అన్నాడు.

మరుపురాణి సంచిలో చెయ్యి పెట్టింది. అడుగు దాకా వెతికింది. "డబ్బా... తేలేదు."

నములుడు బెంచీ ఎక్కి కేక పెట్టాడు. "డబ్బా మర్చిపోయింది! ఒరే, డబ్బా మర్చిపోయిందిరా!"

తరగతి గంతులేసింది. అన్నం డబ్బా ఇంట్లో వదిలేసినందుకు ఒక పిల్లకి అంతటి జేజేలు ఏ బడిలోనూ అంది ఉండవు. ఎందుకంటే, డబ్బా మర్చిపోయిన ప్రతిరోజూ, అంటే వారానికి నాలుగు రోజులు, పన్నెండు లోపల తాతయ్యే తెచ్చి ఇస్తాడు. జీవి నడుచుకుంటూ ఇక్కడికే వస్తుంది!

తర్వాతి పీరియడు లెక్కలు. ఎవరి మనసూ బోర్డు మీద లేదు, అందరి మెడలూ కిటికీ వైపే. టీచర్ చూసీ చూడనట్టు ఒక లెక్క రాసింది: ఇంటి నుంచి బడికి పన్నెండు వందల అడుగులు. ఒక తాతయ్య నిమిషానికి నలభై అడుగులు వేస్తే ఎంతసేపట్లో వస్తాడు?

"దార్లో ఎవరైనా కనిపిస్తే టీచర్?" అంది మరుపురాణి.

"ఎవరూ కనిపించరనుకో."

"కనిపిస్తారు టీచర్. మా తాతయ్య చెప్పులు కుట్టే ఆయన్ని పలకరిస్తాడు, ఇస్త్రీ ఆవిడని పలకరిస్తాడు. ఒక్కోసారి తెలియనివాళ్లని కూడా పలకరించి తర్వాత పరిచయం చేసుకుంటాడు."

నములుడు పలక మీద జవాబు రాసి పైకెత్తాడు: "చెప్పలేము." టీచర్ మార్కులు వేసింది.

పన్నెండుకు పదిహేను నిమిషాలు. రాలేదు. పది. రాలేదు. గంట బాబాయ్ వరండాలో కడ్డీ పట్టుకుని గడియారం చూసుకుంటున్నాడు. ఆయనకీ విషయం తెలుసు. గడియారం చూసి, కావాలని జేబులోంచి రుమాలు తీసి ఇనుప పట్టాని తుడవడం మొదలుపెట్టాడు. ఆ బడి పుట్టాక దాన్ని ఎవరూ తుడవలేదు.

పన్నెండుకు రెండు నిమిషాలుండగా గుమ్మంలో ఒక గొంతు వినిపించింది. "టీచరుగారూ, మా పిల్ల డబ్బా..."

ముప్ఫై ఒక్క మంది పిల్లలు, టీచరు, కిటికీలోంచి గంట బాబాయి కన్నార్పకుండా ఆయన్ని చూశారు.

తాతయ్య ఆగిపోయాడు. చొక్కా గుండీలు తడిమి చూసుకున్నాడు, సరిగానే ఉన్నాయి. మూతి తుడుచుకున్నాడు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"ఏమైందమ్మా? పొరపాటున వేరే గదికి వచ్చానా?"

"కదలకండి సార్!" అన్నాడు నములుడు. "చూస్తున్నాం."

మరుపురాణి తాతయ్యని తల నుంచి కాళ్ల దాకా చూసింది. కాళ్ల దగ్గర ఆగింది. పెన్సిలు తడుముకుంది. నములుడు తన పెన్సిలు ఇచ్చాడు, నమలని వైపు ముందుకు పెట్టి మరీ. ఆమె రాసింది. "ఈ జీవి ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మా నాన్న చెప్పు వేసుకుని కూడా పడిపోకుండా నడుస్తుంది."

లీడరు పుస్తకం లాక్కుని ఒకటి నుంచి లెక్కపెట్టింది. పది. దొంతర మీద ఠపీమని పెట్టింది. మొట్టమొదటిసారి పళ్లు కనబడేలా నవ్వింది. ముందు పన్ను ఒకటి లేదు. ఆమె ఎందుకు నవ్వదో అప్పుడు తెలిసింది అందరికీ.

భోజనం గంట మోగింది.

తాతయ్య మాత్రం తన కాళ్లు చూసుకుని, "అందుకా కుడి పక్క ఎత్తుగా ఉంది! రోడ్డు బాగాలేదనుకున్నా," అని డబ్బా ఇచ్చి, తెలియని పిల్లలందరినీ పలకరించి వెళ్లిపోయాడు.

సాయంత్రం నాలుగుకి తరగతంతా వరండాలో బారులు తీరింది. గంట బాబాయ్ కడ్డీని రెండు చేతులతో అందించాడు. అది ఆమె అనుకున్నదాని కంటే బరువు.

"భయపడకు. గట్టిగా కొట్టు. నేను చాలు అనేదాకా ఆపకు. మర్చిపోవుగా?"

"మర్చిపోను బాబాయ్."

మొదటి దెబ్బకి చెయ్యి జివ్వుమంది. భుజం దాకా, చెవి దాకా జివ్వుమంది. రెండోది కొట్టింది. మూడోది. పిల్లలు హోరుమంటూ గేటు వైపు పరుగుతీశారు, గంట బాబాయ్ గేటు తియ్యడానికి వాళ్ల ముందు పరుగెత్తాడు. గేటు తీసి, అలవాటు ప్రకారం రోడ్డు మధ్యకి వెళ్లి, చిన్న పిల్లల్ని అవతలికి దాటించడం మొదలుపెట్టాడు.

గంట మోగుతూనే ఉంది.

అరవై దెబ్బలయ్యాయి. టీచర్లు సంచులు భుజాన వేసుకుని బయటికొచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తొంభై అయ్యాయి. హెడ్మాస్టరు గదిలోంచి చెవులు మూసుకుని వచ్చారు.

"చాలమ్మా!"

మరుపురాణి ఆపలేదు. "మీరు కాదు సార్. బాబాయ్ అనాలి."

"నేను హెడ్మాస్టర్ని!"

"తెలుసు సార్." ఠంగ్. "కానీ బాబాయ్ చాలు అనేదాకా ఆపనని చెప్పా సార్." ఠంగ్. "మర్చిపోనన్నా." ఠంగ్.

హెడ్మాస్టరు క్లాసు టీచర్ని చూశారు. టీచర్ ఆకాశాన్ని చూసింది. "ఇన్నాళ్లలో ఆ పిల్ల గుర్తుపెట్టుకున్న మొదటి మాట అది సార్. నేనైతే మధ్యలో ఆపలేను."

వెళ్లిపోయిన పిల్లలంతా చప్పుడు విని వెనక్కి వచ్చారు. లీడరు గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది, తరగతి వంత పాడింది. నూట యాభై! నూట యాభై ఒకటి! హెడ్మాస్టరే పంచె సవరించుకుని రోడ్డు మీదికి పరుగెత్తారు. అక్కడ గంట బాబాయ్ ఒక సైకిలతనితో, "ఇవాళేంటో గంట మరీ బాగా మోగుతోంది," అంటున్నాడట. ఆయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చారు.

"చాలు తల్లీ, చాలు!"

మరుపురాణి ఆపింది. రెండు వందల పద్నాలుగు. లీడరు లెక్కకి తిరుగులేదు. ఆ నిశ్శబ్దంలో కూడా అందరి చెవుల్లో ఇంకా కాసేపు మోగింది.

"వచ్చే శుక్రవారం నుంచి రెండో విడత," అంది టీచర్ గొంతు కాస్త పెంచి, అందరికీ చెవులు గింగురుమంటున్నాయని.

ఆ రాత్రి నాన్న ఇంటికి రాగానే మొదట ఆయనకి చెప్పింది. అమ్మకి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. పక్కింటావిడ పాల గిన్నె ఇవ్వడానికి వస్తే ఆవిడని కూర్చోబెట్టి చెప్పింది. ఎవరికి చెప్పినా ఒక్క దెబ్బ తగ్గలేదు, ఒక్క దెబ్బ పెరగలేదు. చివరికి పక్క ఎక్కి, తాతయ్యకి ఎలా కొట్టిందో చూపిస్తూ కుడి చెయ్యి పైకెత్తింది.

"అప్పుడు హెడ్మాస్టర్ సార్ వచ్చి..."

"వచ్చి?"

మరుపురాణికి అప్పటికే కళ్లు మూతపడ్డాయి. చెయ్యి మాత్రం లేని కడ్డీని పట్టుకుని ఇంకా గాల్లోనే ఉంది. తాతయ్య ఆ చేతిని మెల్లగా కిందికి దించి, దుప్పటి లోపల పెట్టాడు. దీపం ఆర్పాడు. రెండు రెక్కలూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో వేలు అడ్డం పెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.